పూల లోయకు అర పూట చాలదు

సంపాదక మహాశయులకు నమస్కారాలు.

ఎండలు ముదిరేసరికి విజయవాడ బస్టాండు చుట్టుపక్కల గోడల మీదా, మీ పత్రిక చిన్న ప్రకటనల్లోనూ ఉత్తరాది యాత్రల వివరాలు కనిపించడం మామూలే. కాశీ, గయ, హరిద్వారం, బదరీనాథ్ అంటూ సాగే ఆ జాబితాలో ఇప్పుడు పూల లోయ పేరు కూడా చేరింది. ఉత్తరాఖండ్ రాష్ట్రం చమోలీ జిల్లాలో ఉన్న ఈ లోయను ఏటా జూన్ 1న తెరిచి అక్టోబరు నెలాఖరున మూసివేస్తారు కనుక, వెళ్లదలచినవారు బయానా కట్టేది సరిగ్గా ఈ రోజుల్లోనే. అందుకే గత ఆగస్టులో మాకు ఎదురైనదాన్ని, దాని మీద నేను వేసుకున్న లెక్కను మీ పాఠకుల ముందు ఉంచదలచాను. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో ముప్పై ఏళ్లకు పైగా చిట్టా, ఆవర్జా రాసినవాణ్ని. కొండలెక్కడంలో నాకు ప్రావీణ్యం ఏమీ లేదు గాని, కాగితం మీద వేసిన పద్దు పొసగకపోతే మాత్రం పట్టుకోగలను.

యాత్ర నిర్వాహకుడు మాకిచ్చిన కాగితంలో ఆరో రోజు గడిలో ‘ఉదయం హేమకుండ్ సాహిబ్ దర్శనం, మధ్యాహ్నం పూల లోయ, రాత్రి ఘాంఘరియాలో బస’ అని ఉంది. ఏడో రోజు పొద్దున్నే కిందికి దిగి బదరీనాథ్ బస్సు ఎక్కాలి. ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని చదివినప్పుడు అందులో నాకూ తప్పు కనిపించలేదు. అక్కడికి వెళ్లి చూస్తే ఆ రెండు పనులూ ఒక పగటిలో ఇమిడేవి కావు. గోవింద్ ఘాట్ నుంచి జీపులో పుల్నా గ్రామం దాకా వెళ్లి, అక్కడి నుంచి సుమారు పది కిలోమీటర్లు నడిస్తే ఘాంఘరియా వస్తుంది. ఆ చిన్న మజిలీ దాటగానే దారి రెండుగా చీలుతుంది. ఒకటి ఆరు కిలోమీటర్లు ఎడతెగకుండా ఎక్కి, సుమారు 4,300 మీటర్ల ఎత్తున సరస్సు ఒడ్డున ఉన్న హేమకుండ్ గురుద్వారాకు చేరుతుంది. ఆ ఒడ్డునే లక్ష్మణుడి ఆలయం కూడా ఉండడం వల్ల మన యాత్రికులకు అది రెండు విధాలా పుణ్యక్షేత్రం. రెండో దారి పుష్పవతి నదిని దాటి పూల లోయలోకి పోతుంది. ఈ రెండో దారి మొదట్లో అటవీ శాఖ ద్వారం ఉంది. ఉదయం ఏడు గంటలకు దాన్ని తెరుస్తారు, మధ్యాహ్నం దాటాక కొత్తగా ఎవరినీ లోపలికి పంపరు, సాయంత్రం ఐదుకల్లా లోపలున్నవారంతా బయటికి వచ్చేయాలి. లోయలో గుడారం వేయడం గాని, రాత్రి ఉండడం గాని కుదరదు. కంచర గాడిదలను కూడా రానివ్వరు.

మేము పదకొండు మందిమి. తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరి హేమకుండ్ చూసుకుని, గురుద్వారాలో పెట్టిన వేడి కిచిడీ తిని, మోకాళ్లు పట్టుకుంటూ ఘాంఘరియాకు దిగేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. మా నిర్వాహకుడు అందరినీ అలాగే తడి బట్టలతో లోయ ద్వారం దగ్గరికి తోలాడు. అక్కడి ఉద్యోగి రేపు ఏడింటికి రమ్మని మర్యాదగానే చెప్పాడు. మావాడు ఊరుకోలేదు. రెండు వేల కిలోమీటర్ల నుంచి వచ్చామని, వృద్ధులున్నారని, ఒక్క గంట చూసి వస్తామని వచ్చీరాని హిందీలో బతిమాలి, అది పనిచేయకపోయేసరికి గొంతు పెంచాడు. చివరికి మావైపు తిరిగి, ‘పూల ఎగ్జిబిషన్ లాంటిదేనండీ, ఫొటోల్లో చూసినా ఒకటే’ అని తెలుగులో తేల్చేశాడు. మరునాటి బస్సుకు అడ్వాన్సు కట్టేశాడట. పదకొండు మందిలో ఏడుగురు పొద్దున్నే అతని వెంట దిగిపోయారు. నేనూ, మా ఇంటావిడా, విజయవాడ సత్యనారాయణపురం నుంచి వచ్చిన మరో దంపతులూ సొంత ఖర్చు మీద ఆగిపోయాం. ఆ నిర్వాహకుడి పేరు రాసి రచ్చ చేయడం నా ఉద్దేశం కాదు. ఇదే కాగితం పేర్లు మార్చుకుని ఇంకా ఎన్ని చేతుల్లో తిరుగుతోందో నాకు తెలియదు.

ఆగిపోయినందుకు మాకు దక్కినది చెప్పకపోతే ఈ ఉత్తరానికి అర్థం ఉండదు. ద్వారం దాటిన తరవాత దారి కొంత దూరం భోజపత్ర చెట్ల మధ్య నుంచి సాగుతుంది. కాగితం లేని రోజుల్లో మన పూర్వులు రాసుకున్న భూర్జపత్రం ఈ చెట్టు బెరడే. ముట్టుకుంటే పొరలు పొరలుగా, నూనె రాసిన పాత రిజిస్టరు కాగితంలా ఉంటుంది. ఆ చెట్లు పలచబడి ఒకచోట ఇక చెట్టన్నదే లేకుండా పోతుంది. ఆ ఎత్తు దాటాక చలికి, గాలికి, మంచు బరువుకు మాను నిలవదు. అక్కడి నుంచి నేలంతా పచ్చికే. గఢ్వాలీలు అలాంటి నేలను బుగ్యాల్ అంటారు. మేము వెళ్లిననాటికి మన పెరటి కాశీతుమ్మకు దగ్గరి చుట్టమైన గులాబీ రంగు మొక్క దారికి రెండు పక్కలా భుజాల ఎత్తున పెరిగి ఉంది. రాళ్ల సందున ఒకచోట మావెంట వచ్చిన గైడు నీలి పువ్వు ఒకటి చూపించాడు. కాడ నిండా ముళ్లు, రేకులు పల్చటి పట్టుగుడ్డలాగా, మధ్యలో పసుపు కేసరాలు. అది గసగసాల కుటుంబానికి చెందినదని అతను చెబితే మా ఇంటావిడ మొదట నమ్మలేదు. తరవాత వాన చినుకు పడి ఆ రేకు వణికినప్పుడు మేం నలుగురం మాట్లాడకుండా చాలాసేపు అక్కడే కూర్చున్నాం. రెండు గంటల్లో తిప్పి తెచ్చే యాత్రలో దొరకనిది ఈ కూర్చోవడమే.

నా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. మంచి ఫొటో కోసం రాతి బాట దిగి రెండడుగులు పచ్చికలోకి వేశాను. బూటు కింద నేల స్పంజిలా కుంగి నీళ్లు ఉబికాయి, నాలుగైదు కాడలు పుటుక్కున విరిగాయి. మా గైడు భ్యూండార్ లోయ కుర్రవాడు, ఇరవై ఏళ్లుంటాయేమో. నన్ను ఒక్క మాట అనకుండా వంగి ఆ కాడలను ఎత్తి నిలబెట్టడానికి చూశాడు, అవి నిలబడలేదు. తరవాత నడుస్తూ నడుస్తూ చెప్పాడు: ఈ నేల మీద ఏడాదిలో సగానికి పైగా మంచే ఉంటుంది, మొలవడం, పూయడం, గింజ కట్టడం అంతా మిగిలిన మూడు నాలుగు నెలల్లో కావాలి, ఆగస్టులో విరిగిన కొమ్మకు ఈ ఏటికి మళ్లీ పూసే వ్యవధి లేదు. మన పొలంలో ఒక పంట పోతే రెండో పంట వేసుకుంటాం. అక్కడ రెండో పంట లేదు. ద్వారం దగ్గర గంటలు లెక్కపెట్టేదీ, బాట దిగవద్దనేదీ, గాడిదలను ఆపేదీ ఇందుకేనని నాకు ఆ బూటు గుర్తు చూశాక గాని బుర్రకెక్కలేదు.

ఈ లోయ పేరు బయటి ప్రపంచానికి తెలిసింది 1931లో. కామెట్ శిఖరం ఎక్కి తిరిగి వస్తున్న ఫ్రాంక్ స్మైత్ అనే ఇంగ్లిషు పర్వతారోహకుడి బృందం ఇటుగా దిగింది. పుల్నా, భ్యూండార్ ప్రజలకు ఇది అంతకుముందే తమ గొర్రెల మేత నేల అన్న సంగతిని మనం మరవకూడదు. 1939లో మొక్కలు సేకరించడానికి వచ్చిన జోన్ మార్గరెట్ లెగ్ అనే ఆమె ఇక్కడే బండ మీద నుంచి జారి మరణించింది. ఆమె సమాధి లోయ లోపల పూల మధ్య ఉంది. 1982లో ప్రభుత్వం దీన్ని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించి మేతను నిలిపివేసింది. దాని విస్తీర్ణం 87.5 చదరపు కిలోమీటర్లు. 2005లో యునెస్కో దీన్ని నందాదేవి ఉద్యానవనంతో కలిపి ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. మేత ఆపడం అన్ని విధాలా మేలే చేసిందని కూడా చెప్పలేం. పశువులు మేయని నేల మీద పాలిగోనమ్ అనే గుబురు మొక్క ఏపుగా పెరిగి చిన్న పూల మొక్కలను కమ్మేస్తోంది, దాన్ని అటవీ శాఖవారు కూలీలను పెట్టి పీకిస్తున్నారు. రక్షించడం అంటే తాళం వేసి కూర్చోవడమే కాదని ఆ పని చూస్తే తెలుస్తుంది.

తాళం వేయవలసి వచ్చిన చోటు కూడా పక్కనే ఉంది. నందాదేవి శిఖరం చుట్టూ ఉన్న అభయారణ్యంలోకి ఒకప్పుడు పర్వతారోహకులు ఏటా బృందాలు బృందాలుగా వెళ్లేవారు. వాళ్లు వదిలిన చెత్త, వంటచెరకు కోసం నరికిన పొదలు, బరువులు మోసే జనం తాకిడి భరించలేక 1983 నుంచి ఆ లోపలి భాగాన్ని దాదాపు పూర్తిగా మూసేశారు. నలభై ఏళ్లు దాటినా అది మామూలు యాత్రికులకు తెరుచుకోలేదు. పూల లోయ ద్వారం దగ్గర మా నిర్వాహకుడు గొంతు పెంచినప్పుడు ఆ ఉద్యోగి మొహంలో కనిపించిన మొండితనానికి నందాదేవి కథే కారణమేమోనని ఇప్పుడనిపిస్తుంది.

ఇక్కడ మీ పత్రికకు కూడా ఒక చిన్న ఫిర్యాదు. ఏటా వానాకాలంలో ఎవరి మేడ మీదనో, ఏ పెరటి కుండీలోనో అర్ధరాత్రి విచ్చుకునే పెద్ద తెల్లని పువ్వు ఫొటో వేసి, ‘బ్రహ్మకమలం వికసించింది’ అని రాస్తారు. మా వీధిలో ఆ రాత్రి హారతి కూడా ఇస్తారు. ఆ పువ్వు అందాన్ని నేను తక్కువ చేయను గాని, అది మెక్సికో, మధ్య అమెరికాల నుంచి వచ్చిన నాగజెముడు కుటుంబపు మొక్క. మనం ఆకు అనుకునేది దాని కాండమే. హిమాలయాల బ్రహ్మకమలం వేరు. అది చామంతి, పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందినది, ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం, హేమకుండ్ దారి పైభాగంలో రాళ్ల మధ్య పూస్తుంది. మోకాలెత్తు కూడా ఉండదు. దూరం నుంచి చూస్తే ఎవరో వెన్నకాగితంతో పొట్లం కట్టి పెట్టినట్టుంటుంది. ఆ లేత పసుపు పొరలు రేకులు కావు, ఒక రకం ఆకులు. అసలు పూలు లోపల ఊదారంగులో చిన్న చిన్న గుత్తులుగా ఉంటాయి. బయట మంచు కురుస్తున్నా లోపల కాస్త వెచ్చగా ఉండేందుకు మొక్క కట్టుకున్న గుడారం అది.

పేరు తేడాతో నష్టమేమిటని అడగవచ్చు. మా బృందంలో ఒక పెద్దావిడ ఇంట్లో చూసిన పేరు గనుక, దేవుడి పువ్వు గనుక, ఒకటి కోసి బదరీనారాయణుడికి సమర్పించాలని కొంగులో దాచుకోబోయింది. ఆమె భక్తిని శంకించలేను. ఇంట్లో కుండీలో ఆకు ముక్క గుచ్చితే బతికే మొక్కే కదా అన్నది ఆమె ధీమా. కొండ మీది మొక్క గింజ వల్లనే నిలవాలి, గింజ కట్టకముందే పువ్వు కోస్తే ఆ చోట వచ్చే తరం లేనట్టే. జాతీయ ఉద్యానవనం హద్దుల్లోనైతే అనుమతి లేకుండా మొక్కను గాని, పువ్వును గాని తీసుకుపోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఈ మాట బస్సులో ఒక్కసారి చెప్పి ఉంటే ఆవిడ ఆ చేయి చాపేది కాదు.

ఇక ఆరోగ్యం లెక్క. మన గుంటూరు, విజయవాడలు సముద్రమట్టానికి యాభై మీటర్ల ఎత్తు కూడా లేని ఊళ్లు. గోవింద్ ఘాట్ సుమారు 1,800 మీటర్లు, ఘాంఘరియా సుమారు 3,050 మీటర్లు. అంటే ముందు రాత్రి పడుకున్న చోటుకు, మరుసటి రాత్రి పడుకున్న చోటుకు 1,200 మీటర్లకు పైగా తేడా. 3,000 మీటర్లు దాటిన తరవాత పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దని పర్వత వైద్యం తెలిసినవారు చెబుతారు. హేమకుండ్ దగ్గర గాలిలో మనకందే ప్రాణవాయువు సముద్రతీరంలో అందేదానిలో సుమారు 60 శాతమే. ఘాంఘరియాకు చేరిన రాత్రే మాలో అయిదుగురికి తలపోటు, ఇద్దరికి వాంతులు. బస్సు కుదుపులకని, నూనె పడలేదని సర్దిచెప్పుకుని తెల్లవారకముందే ఇంకో 1,250 మీటర్లు ఎక్కాం. ఎక్కకూడదు. తలపోటు, వికారం ఉన్నప్పుడు అక్కడే ఆగాలి, తగ్గకపోతే దిగిపోవాలి. బిళ్ల వేసుకుని పైకి పోవడం ప్రాణం మీదికి తెస్తుంది.

నా వాదమంతా ఇక్కడికే వస్తుంది. అదే రెండు చోట్లను తిరగేసి, రెండు రోజులకు పరిచి చూడండి. ఘాంఘరియా చేరిన మరునాడు ఉదయం ఏడింటికి లోయకు వెళ్తే, ఎక్కవలసిన ఎత్తు కొద్దిపాటిదే, లోపల నింపాదిగా తిరగడానికి పగలంతా ఉంటుంది, రాత్రికి మళ్లీ పాత పడకే. ఆ ఒక్క రోజు నెమ్మది నడకతో ఒంటికి ఎత్తు అలవాటవుతుంది. ఆ మరునాడు హేమకుండ్ ఎక్కితే ఊపిరికి ఇబ్బంది తక్కువ. పైన వాన వల్ల దారి మూసినా చేతిలో ఇంకో రోజు ఉంటే మంచిది, ఎందుకంటే జులై, ఆగస్టుల్లో పూలు విరగబూసే రోజులే కొండచరియలు విరిగిపడే రోజులు కూడా. 2013 జూన్ వరదలో భ్యూండార్ గ్రామం, గోవింద్ ఘాట్ వంతెన ఏమయ్యాయో ఆ దారిన నడిచేవారికి ఇప్పటికీ చూపిస్తారు. ఖర్చు మాట కూడా చెప్పాలి. మేము అదనంగా ఆగిన ఒక రాత్రికి నలుగురికీ కలిపి అయిన ఖర్చు, విజయవాడ నుంచి రానూపోనూ అయిన ఖర్చులో పదో వంతు లేదు. ఆ పదో వంతు మిగిల్చుకోవడానికి ఏడుగురు లోయనే చూడకుండా వచ్చేశారు.

మన జిల్లాలవాళ్లకు ఇలాంటి కట్టుబాటు కొత్తదేమీ కాదని కూడా గుర్తు చేయాలి. శ్రీశైలం పోయేవారందరికీ దోర్నాల చెక్‌పోస్టు తెలుసు. నల్లమల పులుల అభయారణ్యం గుండా పోయే ఆ దారిని రాత్రి తొమ్మిదికి మూసి ఉదయం ఆరింటికి గాని తెరవరు. అక్కడ కార్లు ఆపుకుని విసుక్కోవడం, తెలిసినవాళ్లకు ఫోన్లు చేయడం నేనూ చూశాను. ఆ విసుగునే మూటగట్టుకుని హిమాలయం దాకా మోసుకుపోయాం. ఆవకాయ, కారప్పొడి, జంతికలు మోసుకుపోవడంలో తప్పు లేదు, ఆ చలిలో అవి లేకపోతే అన్నం దిగదు; అవి కట్టుకుపోయిన ప్లాస్టిక్ కవర్లు మాత్రం తిరిగి మన సంచిలోనే రావాలి. ఆ దారిలో యాత్రికులు పారేసిన చెత్తను ఏరి కిందికి చేరవేసేది పుల్నా, భ్యూండార్ గ్రామస్థుల సంఘమే. మేము దిగుతున్నప్పుడు ఒక ముసలాయన వీపు మీది బుట్టలోకి వంగి వంగి సీసాలు ఏరుతున్నాడు. పైన కనిపించిన ఒక కవరు మీద తెలుగు అక్షరాలున్నాయి. చదవకుండా ఉండాల్సింది.

మీ ఆదివారం అనుబంధంలో పూల లోయ గురించి రాసే ప్రతిసారీ పూల ఫొటోల పక్కన ఘాంఘరియా ఎత్తు, లోయ ద్వారం వేళలు, అక్కడ గడపవలసిన కనీస రోజుల లెక్క కూడా అచ్చు వేయాలని కోరుతున్నాను. యాత్రల ప్రకటనలు తీసుకునేటప్పుడు, లోయ లోపల ఎన్ని గంటలు ఉంటారో ప్రకటనలోనే రాయమని నిర్వాహకులను అడగడం మీకు పెద్ద పని కాదు. డబ్బు కట్టబోయే పాఠకులు కూడా రసీదు తీసుకునే ముందు హేమకుండ్, పూల లోయ రెండూ ఒకే రోజు గడిలో ఉన్నాయా అని కాగితం తిప్పి చూసుకోవాలి. ఉంటే ఒక రాత్రి పెంచమని అడగాలి, పెంచకపోతే వేరొకరిని చూసుకోవాలి. వెళ్లే ముందు ఒక నెల రోజులు ఇంద్రకీలాద్రి మెట్లో, కొండవీడు కొండ దారో పొద్దున పూట ఎక్కి దిగితే మోకాళ్లకు సాయం.

మాకు ఆ యాత్ర కట్టిన నిర్వాహకుడు ఈ ఏటి కరపత్రం మొన్ననే మా ఇంటికి పంపాడు. రంగులు మారాయి, ధర పెరిగింది, ముఖచిత్రంగా బ్రహ్మకమలం పేరుతో మన పెరటి పువ్వునే వేశాడు. ఆరో రోజు గడిలో మాత్రం ఒక్క అక్షరం మారలేదు.

ఇట్లు,
మీ పాఠకుడు,
బ్రాడీపేట, గుంటూరు.